స్పిట్‌ఫైర్ స్పీడ్ మీటర్ అసలుదేనా?

ప్రశ్న: రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌దంటూ ఒక ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ అమ్మకానికొచ్చింది. వెనక 6ఏ/ తో మొదలయ్యే నంబరు, కిరీటం, ఏ.ఎం. (ఎయిర్ మినిస్ట్రీ, అంటే బ్రిటన్ వైమానిక శాఖ) ముద్ర ఉన్నాయి. డయల్ మాత్రం నాట్లలో (గంటకు నాటికల్ మైళ్లు) ఉంది. నమ్మొచ్చా అండీ?

జవాబు 1: 6ఏ అంటే బ్రిటిష్ వైమానిక దళం స్టోర్స్‌లో విమాన పరికరాల విభాగం, అంతే. ఏ విమానానిదో అది చెప్పదు. యుద్ధకాలపు స్పిట్‌ఫైర్ డయల్ గంటకు మైళ్లలో ఉంటుంది. నాట్లంటే స్పిట్‌ఫైర్‌కు నౌకాదళపు రూపమైన సీఫైర్‌దో, యుద్ధం తర్వాతదో కావచ్చు.

జవాబు 2: కిరీటాన్ని భూతద్దంతో చూడండి. పైన కమానులు గుండ్రంగా ఉబ్బి ఉంటే రాజు కాలం. మధ్యలో నొక్కుకుపోయి ఉంటే 1952 తర్వాతది, అంటే ఎలిజబెత్ రాణి కాలం.

జవాబు 3: దయచేసి అద్దం విప్పకండి! ముల్లు మీద చీకట్లో వెలిగే రంగులో రేడియోధార్మిక రేడియం ఉండొచ్చు. ఆ రంగులో వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ చెడిపోయి వెలగడం మానేసినా, రేడియం అర్ధాయువు (సగం క్షీణించడానికి పట్టే కాలం) దాదాపు 1600 ఏళ్లు. రాలిన పొడి పీలిస్తే ప్రమాదం. రేడియేషన్‌ను పసిగట్టే గైగర్ కౌంటర్‌తో బయటినుంచే చూడండి. గాలి పీడనం అందుకునే పిటో గొట్టంలోకి నోటితో ఊదొద్దు, లోపల పీడనానికి ఉబ్బే పల్చని లోహపు క్యాప్సూల్ పాడవుతుంది.