కోటింగ్ మందానికి టెరాహెర్ట్జ్ వాడినవాళ్లున్నారా?

పాన్‌కోటర్:
ఎంటెరిక్ కోటింగ్ బిళ్లలు, అంటే కడుపులోని యాసిడ్‌ను తట్టుకునే పూత ఉన్నవి. వెయిట్ గెయిన్ (కోటింగ్ వల్ల పెరిగే బరువు) ప్రతి బ్యాచ్‌లోనూ సరిగ్గానే వస్తోంది. అయినా యాసిడ్‌లో రెండు గంటలు నిలవాల్సిన బిళ్లల్లో ఒకటీ అరా ముందే మందు వదిలేస్తున్నాయి. కోసి మైక్రోస్కోప్ కింద పెడదామంటే కోసేటప్పుడే పొర చెదిరిపోతోంది. వారం నుంచీ ఒకటే టెన్షన్.

పికోసెకను:
వెయిట్ గెయిన్ అంటే సగటే కదండీ. ఏ బిళ్లకు ఎక్కడ పలచబడిందో అది చెప్పదు. మాకూ ఇలాగే అయితే టెరాహెర్ట్జ్ (మైక్రోవేవ్‌కీ ఇన్‌ఫ్రారెడ్‌కీ మధ్య ఉండే తరంగాలు) ఇమేజింగ్‌కి వెళ్లాం. పల్స్‌లో కొంత కోటింగ్ పైనుంచి, కొంత కింద కోర్ దగ్గర నుంచి వెనక్కి వస్తుంది. రెండింటి మధ్య సమయాన్ని బట్టి మందం తెలుస్తుంది. వక్రీభవన గుణకం (పొరలో తరంగం ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పేది) 1.6 అయితే 100 మైక్రాన్ల పొరకు ఆ తేడా సుమారు 1 పికోసెకను (సెకనులో లక్ష కోట్లో వంతు). మా బిళ్లల రెండు ముఖాలూ బాగానే ఉన్నాయి, చుట్టూ ఉండే అంచు దగ్గరే పొర పలచగా ఉంది! బిళ్ల పాడవదు కాబట్టి స్కాన్ చేసిన దాన్నే తర్వాత డిసొల్యూషన్‌లో (మందు ఎప్పుడు, ఎంత వదులుతుందో చూసే పరీక్ష) వేశాం. నా దృష్టిలో అసలు లాభం అదే.
ఒక్క మాట: పొర 40 మైక్రాన్ల కన్నా పలచనైతే రెండు ప్రతిధ్వనులూ కలిసిపోతాయి. అలాంటి ఫిల్మ్ కోట్‌కి నేను సిఫార్సు చేయను.

లాక్టోజ్_0.53:
స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యాన్ని నమూనా ఎంత పీల్చుకుందో చూపే గ్రాఫు) కూడా తీసేవాళ్లు తేమతో జాగ్రత్త. బిళ్లల్లో కలిపే లాక్టోజ్ మోనోహైడ్రేట్‌కి 0.53 టెరాహెర్ట్జ్ దగ్గర సన్నని శిఖరం ఉంటుంది. నీటి ఆవిరికి 0.557 దగ్గర ఒకటుంది. నైట్రోజన్ పర్జ్ (తేమ గాలిని నైట్రోజన్‌తో తోసేయడం) సరిగ్గా పెట్టక, ఆవిరి గీతను చూసి లాక్టోజ్‌లో ఏదో మార్పొచ్చిందని రెండు రోజులు వెతికాను. ఇప్పుడు ముందు ఖాళీ స్కాన్ చూడకుండా నమూనా పెట్టను.

స్ఫటికం:
పాలీమార్ఫ్‌ల (ఒకే మందుకు ఉండే వేర్వేరు స్ఫటిక రూపాలు) సంగతీ చెప్పాలి. ఈ పౌనఃపున్యాల్లో కనిపించేవి ఎక్కువగా స్ఫటికంలో అణువులు ఒకదానితో ఒకటి కలిసి ఊగే కదలికలు. అందుకే కార్బమాజెపిన్ (మూర్ఛ మందు) రూపాలు 1, 3 స్పష్టంగా వేరుపడతాయి. అమార్ఫస్ (స్ఫటిక క్రమం లేనిది) అయితే పదునైన శిఖరాలే ఉండవు. స్పెక్ట్రమ్ కోసం నమూనాను పాలిథిలీన్ పొడితో కలిపి పెల్లెట్ నొక్కేటప్పుడు ఒత్తిడి తగ్గించండి, కొన్ని మందులు ఆ నొక్కుడుకే రూపం మార్చుకుంటాయి. ఎక్స్‌ఆర్‌డీ (స్ఫటిక రూపాన్ని చూసే ఎక్స్-రే పరీక్ష) మాత్రం మానకండి.

పాన్‌కోటర్:
స్కాన్ చేసిన బిళ్లనే యాసిడ్‌లో వేయడం మాకు తట్టనే లేదు. సోమవారం బిళ్లలకు నంబర్లు వేసి పంపిస్తాను. అంచు స్కాన్ చేయడానికి బిళ్లను ఎలా పట్టుకుంటారు?

పికోసెకను:
రోబో చెయ్యి సక్షన్‌తో పట్టుకుని తిప్పుతుంది. ముందు ఒక ముఖం, తర్వాత రెండోది, చివర్లో అంచు. మూడింటికీ బిళ్ల నంబరు ఒకటే రాసుకోండి, తర్వాత కలిపి చూడాలిగా.