రోమన్ సమాధి ఫలకం మీద ఉన్నది బానిసా, విముక్తుడా, పుట్టుపౌరుడా? ఎలా తేల్చాలి?

మూసీగట్టు:
వచ్చే ఆదివారం చిక్కడపల్లిలో మా చదువరుల బృందానికి రోమన్ బానిసత్వం గురించి ముప్పావు గంట చెప్పాలి. సమాధి ఫలకాల ఫోటోలు చూపిద్దామనుకుంటున్నాను. మూడు పేర్లుంటే పౌరుడు, ఒకటే ఉంటే బానిస అని చాలాచోట్ల చదివాను. అంత తేలికేనా? యజమాని విడిచిపెట్టగానే బానిస పౌరుడైపోతాడా?

రాతిఅక్షరం:
పేర్లు లెక్కపెట్టి ఆగిపోకండి. ఇంటిపేరు తర్వాత వచ్చే పొట్టి అక్షరాలు చూడండి, అసలు సంగతి అక్కడుంటుంది. రోమన్ వక్త, రాజకీయవేత్త సిసెరో పేరు పూర్తిగా రాస్తే మార్కస్ తుల్లియస్, ఎం. ఎఫ్., కోర్., సిసెరో. ఎఫ్ అంటే కొడుకు. మన దరఖాస్తుల్లో సన్నాఫ్ రాసినట్టే, మార్కస్ కొడుకు. 'కోర్' ఆయన ఓటు వేసే కోర్నేలియా తెగ. ఆయన దగ్గర బానిసగా ఉండి క్రీ.పూ. 53లో విడుదలైన టీరో పేరు అదే పద్ధతిలో మార్కస్ తుల్లియస్, ఎం. ఎల్., టీరో అవుతుంది. ఎల్ అంటే విముక్తుడు. మొదటి రెండు పేర్లూ యజమానివి, బానిసగా ఉన్నప్పటి పేరు చివరికి చేరింది. చట్టం దృష్టిలో బానిసకు తండ్రి లేడు, అందుకే తండ్రి పేరు ఉండాల్సిన చోట విడిచిపెట్టినవాడి పేరు వచ్చి కూర్చుంటుంది. ఆ రెండక్షరాల్లో ఉన్న క్రూరత్వం మీ శ్రోతలకు తప్పక చెప్పండి.

ఎల్‌కి ముందు తిరగేసిన సి అక్షరం కనబడితే విడిచిపెట్టింది స్త్రీ. దాన్ని చెక్కినవాడి పొరపాటు అనుకుని వదిలేస్తుంటారు.

ఎఫ్, ఎల్ రెండూ లేకపోతే? 'తెలియదు' అనే రాసుకోండి. గ్రీకు పేరుంది కాబట్టి బానిస అని తేల్చేయడం తరచుగా జరిగే తప్పు. విముక్తుల పిల్లలు పుట్టుకతో పౌరులైనా గ్రీకు పేర్లు పెట్టుకున్నవాళ్లున్నారు.

నీలిసిరా:
రెండో ప్రశ్నకు: కాదండీ. స్వేచ్ఛ వేరు, పౌరసత్వం వేరు. పౌరసత్వం రావాలంటే పద్ధతి ప్రకారం విడిచిపెట్టాలి: అధికారి ఎదుట కర్ర తాకించి, లేదా జనాభా లెక్కలో నమోదు చేయించి, లేదా వీలునామాలో రాసి. అధికారి ఎదుట జరిగే తంతులో మూడోమనిషి (తరచుగా ఆ అధికారి బంటే) కర్ర తాకించి 'ఇతడు స్వతంత్రుడు' అంటాడు, యజమాని ఎదురు చెప్పడు. బానిస విలువలో 5 శాతం పన్ను ఉండేది.

క్రీ.శ. 4లో చక్రవర్తి అగస్టస్ వయసు నిబంధన పెట్టాడు. బానిసకు 30, యజమానికి 20 ఏళ్లు నిండాలి. బానిసకు 30 నిండకపోతే తగిన కారణం చూపి సలహామండలిని ఒప్పించాలి. రోమ్‌లో ఆ మండలిలో ఐదుగురు సెనేటర్లు, ఐదుగురు అశ్వికవర్గంవాళ్లు (సెనేటర్ల తర్వాతి మెట్టు ధనికవర్గం). రక్తసంబంధం, పాలిచ్చిన దాది, చదువు చెప్పిన గురువు, పెళ్లి చేసుకోబోయే దాసి వంటివి చెల్లేవి.

స్నేహితుల ముందు నోటిమాటగానో ఉత్తరంలోనో వదిలేస్తే అతను 'జూనియన్ లాటిన్' అవుతాడు. బతికినంతకాలం స్వతంత్రుడే, వ్యాపారం చేసుకోవచ్చు, వీలునామా మాత్రం రాయలేడు. చనిపోగానే ఆస్తంతా పాత యజమానికే. పైగా అతనికీ మూడు పేర్లుంటాయి. మీ సూత్రం ఇక్కడే చెడుతుంది.

మూసీగట్టు:
ఈ జూనియన్ లాటిన్ పౌరుడయ్యే దారి లేదా?

నీలిసిరా:
ఉంది. ఏడుగురు పౌరుల సాక్ష్యంతో పెళ్లి చేసుకోవాలి, వధువు పౌరురాలో, లాటిన్ హోదా ఉన్న స్త్రీయో అయి ఉండాలి. పుట్టిన బిడ్డకు ఏడాది నిండాక అధికారి ముందు నిరూపించాలి. హెర్క్యులేనియంలో వెనీదియస్ ఎన్నీకస్ అనే ఆయన చెక్కపలకలు దొరికాయి. క్రీ.శ. 60లో కూతురు పుట్టిందని ప్రకటించాడు, 62లో పౌరసత్వం సంపాదించాడు. కాగితాలన్నీ ఇంట్లో దాచుకున్నాడు. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం ఆ ఊరిని పూడ్చేసింది కాబట్టి మనకు మిగిలాయి. నా మాట వినండి, ఫలకాలు రెండు తగ్గించైనా ఈయన్ని చెప్పండి.

వీలునామాకూ హద్దుంది, క్రీ.పూ. 2 నాటి చట్టం. బానిసలు ఇద్దరే ఉంటే ఇద్దరినీ విడిచిపెట్టవచ్చు. 3 నుంచి 10 వరకు ఉంటే సగం, 30 వరకు మూడోవంతు, 100 వరకు నాలుగోవంతు, 500 వరకు ఐదోవంతు. ఎంతమంది ఉన్నా 100 దాటకూడదు. హద్దు దాటితే జాబితాలో ముందున్నవాళ్లకే విడుదల. ఎవరు ముందో తేలకుండా పేర్లు గుండ్రంగా రాస్తే? ఒక్కరికీ విడుదల లేదు.

రాతిఅక్షరం:
ఇంకొకటి. వీధిలో నడిచే మనిషిని చూసి బానిస అని చెప్పడం కష్టం. బానిసలకు వేరే దుస్తులు పెడదామని సెనేట్‌లో ప్రతిపాదన వచ్చిందనీ, వాళ్లు మనల్ని లెక్కపెట్టడం మొదలుపెడితే ప్రమాదమని మానుకున్నారనీ రోమన్ తత్వవేత్త సెనెకా రాశాడు. టోగా (ఒంటికి చుట్టుకునే పొడవాటి వస్త్రం) మాత్రం పౌరులదే.

క్రీ.శ. 212 తర్వాతి ఫలకాలు వేరుగా పెట్టుకోండి. చక్రవర్తి కారకల్లా సామ్రాజ్యంలోని స్వతంత్రుల్లో దాదాపు అందరికీ పౌరసత్వం ఇచ్చేశాక ఎక్కడ చూసినా 'అవ్రేలియస్' అనే పేరే. అది చక్రవర్తి ఇంటిపేరు. అక్కడ దాన్నిబట్టి పుట్టుక తేల్చలేరు.