లారీ ఎఫ్‌సీ కొత్త రూల్స్: భద్రత కోసమా, బాదుడు కోసమా?

కొబ్బరిలోడు (అంబాజీపేట):
2025 నవంబరులో కేంద్రం ఎఫ్‌సీ (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఫీజు పెంచుతూ నోటిఫికేషన్ ఇచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన హెవీ లారీకి 25,000 చేసింది. ఎక్కువ ఫీజు ఇదివరకు 15 ఏళ్లు దాటాక మొదలయ్యేది, ఇప్పుడు పదేళ్లకే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి సంతకం పెట్టే రోజులు పోయి మెషిన్లతో బండిని పరీక్షించే సెంటర్‌కి పొమ్మంటున్నారు. నాది 2004 మోడల్. స్లాట్ దొరక్క పదకొండు రోజులు లేటైతే రోజుకి 50 చొప్పున 550 కట్టించుకున్నారు. స్లాట్ ఇవ్వనిది వాళ్లు, ఫైన్ నాకా?

స్టీరింగ్‌సీటు (రాజోలు):
నెల ముందే బుక్ చేసుకోవాల్సిందండీ. మెషిన్ సెంటర్లో చక్రాల కింద తిరిగే రోలర్ మీద బ్రేక్ తొక్కితే ఏ చక్రానికి ఎంత పడుతోందో అంకె వచ్చేస్తుంది. చుట్టూ ఒక రౌండు తిరిగి ‘పర్లేదులే’ అనడం కుదరదు.

లంకపిల్లోడు:
ఎనిమిదేళ్ల లోపు బండికి ఎఫ్‌సీ రెండేళ్లకోసారే కదా? నా ఆటోది చూసుకోవాలి.

కొబ్బరిలోడు:
అవును, దాటితే ఏటా. స్టీరింగ్ గారూ, సముద్రపు గాలికి మా ఛాసిస్‌లు తుప్పు పడతాయి. రోలర్ తుప్పు చూస్తుందా? నా 550 సంగతి చెప్పండి.

స్టీరింగ్‌సీటు:
గుంటలో దిగి కింద నుంచి చూసే మనిషి అక్కడా ఉంటాడు. ఎంతసేపూ ఆ 550యేనా?

పాలకొల్లుటీచర్:
మా పిల్లలు ఎక్కే బస్సుకి మెషినే కావాలి. మిగతాది మీరు తేల్చుకోండి.

కొబ్బరిలోడు:
ఉచిత సలహాలు ఎవరైనా ఇస్తారండీ. జీవితంలో ఒక్క లారీ టైరైనా మీ డబ్బుతో కొన్నారా?

స్టీరింగ్‌సీటు:
కొనలేదు. అద్దె టైర్ల బండి నడిపాను. ఎఫ్‌సీ రోజు పొద్దున్న మా ఓనరు మంచి టైర్లు అద్దెకి తెచ్చి బిగించేవారు, సాయంత్రానికి విప్పేసి మళ్లీ గుండు టైర్లే. కాయల లోడుతో కాలవగట్టు మీద వస్తుంటే ముందు టైరు పేలింది. బండి కాలవలో, నేను ఆసుపత్రిలో. ఎఫ్‌సీ ఉంది కాబట్టి ఆయనకి ఇన్సూరెన్స్ వచ్చింది. కేసు మాత్రం నా మీద. మీరూ అద్దె టైర్లు వేశారా లేదా, అది చెప్పండి ముందు.

లంకపిల్లోడు:
అమ్మో.

కొబ్బరిలోడు:
వేశాను. ఒక్కసారి. అప్పుడు బండి తోలింది మా బావమరిదే. కొత్త సెట్టు కొనే స్తోమతుంటే 2004 బండి ఎందుకు ఉంచుకుంటానండీ? ఈ 25,000 చేతిలో ఉంటే ముందు టైర్లు మార్చేవాణ్ని. ఫీజు కట్టాక వాటికి ఏం మిగులుతుంది?

స్టీరింగ్‌సీటు:
ఆ మాట ఒప్పుకుంటాను. ఫీజు తగ్గించమని అర్జీ రాయండి, నేనూ సంతకం పెడతాను. కానీ మెషిన్ ఉండాలని కూడా అందులో రాయాలి.

కొబ్బరిలోడు:
మెషిన్ ఉంటే నా బండి పాసవదండీ. ఫీజు ఎంతైనా అంతే.

స్టీరింగ్‌సీటు:
మరి రోడ్డు మీదికి ఎలా తెస్తున్నారండీ?

లంకపిల్లోడు:
కొబ్బరి అన్నా, ఇంతకీ ఆ 550 తిరిగిచ్చారా?

కొబ్బరిలోడు:
ఇవ్వలేదు. రసీదు మాత్రం దాచాను.