బర్గర్ కింగ్ షేరు కొంటే ఆ పేరులో మనకి వాటా ఉంటుందా?

మలక్‌పేట_మధు: మన దేశంలో బర్గర్ కింగ్ నడిపే రెస్టారెంట్ బ్రాండ్స్ ఏషియా షేరు కొందామనుకుంటున్నా. 2020 డిసెంబర్‌లో 60 రూపాయల ఐపీవో (జనానికి తొలిసారి షేర్ల అమ్మకం), మార్కెట్లో మొదటి రోజే రెట్టింపు దాటింది. ఎబిటా (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం) బాగుందంటారు, చివరికి చూస్తే ఏళ్లుగా నష్టమే. ఇదేం లెక్క?

కూకట్‌పల్లి_సీఏ: 2019 ఏప్రిల్‌లో ఇండ్ ఏఎస్ 116 అనే అకౌంటింగ్ నియమం వచ్చాక షాపుల అద్దెలో చాలా భాగం అద్దె ఖాతాలో కనపడదు, తరుగుదల, వడ్డీ కింద పోతుంది, అందుకే ఎబిటా ఉబ్బి కనిపిస్తుంది. ఎబిటాలోంచి కట్టిన అద్దె తీసేసి చూడు. 2022లో నెత్తినెత్తుకున్న ఇండోనేషియా వ్యాపారాన్ని కూడా విడిగా చూడు.

బిర్యానీ_బాబు: అద్దె తర్వాత, అసలు పేరే వాళ్లది కాదుగా, అమెరికా వాళ్లది. పుణేలో 1992 నుంచి ఇదే పేరు మాదని ఒక హోటల్ వాళ్లు నిలబడ్డారు, అమెరికా కంపెనీ 2011లో వేసిన దావాని 2024లో జిల్లా కోర్టు కొట్టేసింది.

కూకట్‌పల్లి_సీఏ: సగం చెప్పి వదిలేయకండి. తర్వాత బాంబే హైకోర్టు అప్పీలు తేలేదాకా ఆ పేరు వాడొద్దని ఆ హోటల్‌నే ఆపింది, ఆ ఉత్తర్వు మీద 2025 మార్చిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. వందల షాపుల కంపెనీకి ఒక్క హోటల్‌తో ఏం టెన్షన్?

బిర్యానీ_బాబు: మీకేం తెలుస్తుంది సార్. చిక్కడపల్లిలో మా నాన్న మెస్ ఇరవై ఏళ్లు నడిపాడు, ఎదురుగా ఒకడు అదే పేరుతో బోర్డు పెట్టాడు, మా పార్సిళ్లు సగం అటే పోయాయి. ఊరంతా ఎన్ని బావర్చి బోర్డులున్నాయో లెక్కపెట్టారా?

కూకట్‌పల్లి_సీఏ: బావర్చి అంటే వంటవాడు, మామూలు మాట, ఒక్కరి సొత్తు చేయడం కష్టం. మీ నాన్నగారు మెస్ పేరుని హోటళ్లకి వర్తించే ట్రేడ్‌మార్క్ క్లాస్ 43లో రిజిస్టర్ చేయించి, పదేళ్లకోసారి రెన్యూ చేసుంటే ఈ ఏడుపు ఉండేది కాదు.

సైనిక్‌పురి_స్వాతి: అడిగిన మనిషి షేరు గురించి అడిగాడు. మీరు మెస్ దగ్గర ఆగిపోయారు.

బిర్యానీ_బాబు: ఏడుపా? ఇంత తెలిసినవారు మీ బావమరిదికి ఒక తిండి చైన్ ఫ్రాంచైజీ ఎందుకు ఇప్పించారు? పోయినేడు ఇక్కడే గొప్పగా రాశారు.

కూకట్‌పల్లి_సీఏ: అవును, ఇప్పించింది నేనే. ఏ చైనో చెప్పను. పద్నాలుగు నెలలకే మూసేశాడు. రాయల్టీ, అంటే పేరు వాడుకున్నందుకు కట్టేది, అమ్మకాల మీద, లాభం వచ్చినా రాకపోయినా కట్టాల్సిందే, దానిమీద అద్దె. మా అక్క... అదే, మా ఆవిడ ఇప్పటికీ ఆ మాటెత్తితే ఊరుకోదు. అందుకే అద్దె అద్దె అని మొత్తుకుంటున్నా.

బిర్యానీ_బాబు: అంటే తిన్నది పేరున్నోడేగా. నేను మొదట్నుంచీ అంటున్నదదే.

కూకట్‌పల్లి_సీఏ: కాదండీ, తిన్నది బిల్డింగ్ ఓనర్.

మలక్‌పేట_మధు: మరి మన దేశంలో డొమినోస్ పిజ్జా నడిపే జూబిలెంట్‌కి కూడా ఆ పేరు అరువు తెచ్చుకున్నదేగా, వాళ్లకి లాభం ఎలా వస్తోంది?

కూకట్‌పల్లి_సీఏ: ఇంటికి పంపే పిజ్జాకి చిన్న షాపు చాలు, మెయిన్ రోడ్డు మీద పెద్ద హాలు అక్కర్లేదు. చూశారా, మళ్లీ అద్దే.

బిర్యానీ_బాబు: ఆ చిన్న షాపు మీద బోర్డు తీసేసి అమ్మమనండి, చూద్దాం.