ల్యాప్‌టాప్‌లోంచి సన్నటి కూత వస్తోంది, ప్రమాదమా?

ప్రశ్న: రాత్రి సీలింగ్ ఫ్యాన్ ఆపితే కీబోర్డు ఎడమవైపు నుంచి దోమ రొదలా సన్నగా వినిపిస్తోంది. పేజీ స్క్రోల్ చేస్తే శ్రుతి మారుతోంది. లోపలి ఫ్యాన్ తిరగడం లేదు. బోర్డు కాలిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారు పడకండి. బోర్డులు రిపేరు చేస్తాను, ఇది తరచూ వినేదే. చార్జర్ ఇచ్చే 19 వోల్టులను ప్రాసెసర్ కోసం 1 వోల్టు దగ్గరకు దించే చోట కాయిల్స్ ఉంటాయి. కరెంటు మారినప్పుడల్లా అయస్కాంత బలానికి కాయిల్‌లో చుట్టిన తీగ, దాని కోర్ (తీగ చుట్టిన అయస్కాంత పదార్థం) అతి స్వల్పంగా కదులుతాయి. ఈ కరెంటును వేస్తూ ఆపుతూ ఉండే స్విచింగ్ మామూలుగా సెకనుకు కొన్ని లక్షల సార్లు జరుగుతుంది. మన చెవి హద్దు 20 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 20 వేల కంపనాలు, కాబట్టి అది వినపడదు. కానీ పని తక్కువున్నప్పుడు సర్క్యూట్ కరెంటును విడతలుగా వదులుతుంది, ఆ విడతల వేగం చెవికి అందుతుంది. స్క్రోల్ చేస్తే లోడ్ మారుతుంది, కూతా మారుతుంది.

మరో జవాబు: కాయిలే కాదండీ, సిరామిక్ కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిలవ ఉంచే చిన్న భాగాలు) కూడా కూస్తాయి. వాటిలోని బేరియం టైటనేట్ అనే పదార్థం వోల్టేజితో పాటు సాగి ముడుచుకుంటుంది, కింది బోర్డును వణికిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: చార్జర్ తీస్తే తగ్గింది. మార్చాలా?

మొదటి జవాబిచ్చినవారు: కూత ఒక్కటే అయితే వద్దు. కాలిన వాసన వచ్చినా, చిటపటలు వినిపించినా వెంటనే ప్లగ్ పీకేయండి. గేముల్లో కూస్తుంటే ఫ్రేమ్ రేటుకు (సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్యకు) పరిమితి పెట్టండి. వారంటీ ఉంటే మాత్రం బోర్డు మీద జిగురు, వార్నిష్ లాంటివి పూయనివ్వకండి.