అత్తమ్మ నీళ్లు తాగరు, కూలర్ వేస్తే గదంతా ఉక్క. ఏం చేయాలి?

కడప కోడలు:
మాది పైన అంతస్తు లేని డాబా ఇల్లు. అత్తమ్మకు 74 ఏళ్లు, బీపీ మాత్రలు వాడతారు. ఎండలు ముదిరేకొద్దీ నీళ్లు తాగడం తగ్గించేశారు, రోజుకు రెండు మూడు గ్లాసులే. తాగమంటే విసుక్కుంటారు, రోజూ ఇదే గొడవ. రాత్రి కూలర్ వేస్తే తెల్లారేసరికి ఒళ్లంతా జిడ్డు, ఆపితే ఉడుకు. ఏసీ ఇప్పట్లో కుదరదు. తెలిసినవాళ్లు చెప్పండి.

అనంతపురం నర్సు:
అక్కా, ముందు మంచానికీ బాత్రూమ్‌కూ మధ్య దారి చూడండి. పెద్దవాళ్లు నీళ్లు మానేశారంటే చాలాసార్లు రాత్రి లేవాల్సొస్తుందన్న భయమే కారణం. దారిలో జీరో బల్బు వెలగనీండి, పట్టాలూ వైర్లూ తీసేయండి, బాత్రూమ్‌లో గోడకు ఒక పట్టుకమ్మీ బిగించండి. లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవమనండి. బీపీ మాత్రలు వాడేవాళ్లకు గభాలున లేస్తే కళ్లు తిరుగుతాయి.

ఇక నీళ్లు పొద్దున వైపుకు జరపండి. లేవగానే ఒక గ్లాసు, టిఫిన్‌తో ఒకటి, పదకొండుకు మజ్జిగ, అన్నంతో ఒకటి, మూడుకూ అయిదుకూ ఒక్కొక్కటి. ఏడు దాటాక మాత్ర మింగేంత చాలు. వయసు పైబడ్డాక దాహం సరిగా తెలియదు, కాబట్టి ‘దప్పికైతే తాగుతాలే’ అన్న మాట నమ్ముకోవద్దు. మూత్రం లేత పసుపులో ఉంటే సరే, ముదురైతే నీళ్లు చాలట్లేదు. బీ కాంప్లెక్స్ వాడుతుంటే మాత్రం ఈ గుర్తు పనికిరాదు, దానివల్లే పచ్చగా వస్తుంది. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయించేది ఉందేమో, అది రాత్రిపూట వేసుకుంటున్నారేమో డాక్టర్‌ను అడగండి. మీరుగా వేళ మార్చొద్దు. గుండె, కిడ్నీ జబ్బులుంటే రోజుకు ఎన్ని నీళ్లో కూడా ఆయనే చెప్పాలి.

గొడవ సంగతికొస్తే, ‘ఎన్ని గ్లాసులు తాగారు?’ అని లెక్క అడగడం మానేయండి. పోలీసు విచారణలా ఉంటుంది. పొద్దున్నే చెంబు నింపి ఆమె చేతికందేచోట పెట్టండి, ఎంత ఖాళీ అయిందో అదే చెప్తుంది. మజ్జిగ చిలికే పని ఆమెకే వదిలేసి, పదకొండుకు మీరూ గ్లాసు పట్టుకుని పక్కన కూర్చోండి.

కర్నూలు కూలర్ రిపేర్:
జిడ్డు ఎందుకంటే కిటికీలు మూసేస్తున్నారు. కూలర్ బయటి గాలి లాగాలి, లోపలి తడిగాలి బయటికి పోవాలి. దాన్ని కిటికీకి ఆనించి, ఎదురు కిటికీ జానెడు తెరిచిపెట్టండి. తెల్లవారుజామున బయట గాలి చల్లబడ్డాక పంపు ఆపి ఫ్యాన్ ఒక్కటే తిప్పండి.

మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. గడ్డి మీద తెల్లగా పేరుకుందంటే గాలి దూరదు, ఎంత తిప్పినా చల్లగా రాదు. ఏటా గడ్డి మార్చండి. ట్యాంకు వారానికి రెండుసార్లు పూర్తిగా ఖాళీ చేసి తుడవండి, లేకుంటే దోమలు. నీళ్లు పోసేముందు ప్లగ్గు తీయాల్సిందే. ఇనుప బాడీ అయితే ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూపించండి.

కూలర్ కారే నీళ్లు పాలిష్ బండల మీద పడితే పెద్దావిడ జారిపడతారు, కింద గోనెసంచి వేయండి. మిద్దె ఊడ్చి, రాత్రంతా నానిన సున్నం వడగట్టి, కాస్త ఫెవికాల్ కలిపి రెండు కోట్లు వేయించండి. పగలు స్లాబు తాగిన వేడే రాత్రి కిందికి దిగుతుంది, సున్నం కొడితే అది తగ్గుతుంది.

మిద్దె ఇల్లు:
రోజూ ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఇవ్వండి, ఒళ్లు చల్లగా ఉంటుంది.

అనంతపురం నర్సు:
వద్దన్నా. బీపీ మనిషికి రోజూ అంత ఉప్పు ఎందుకు? విరేచనాలప్పుడో, ఒళ్లు తడిసేలా చెమట పోసినప్పుడో అది. అప్పుడూ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కలిపితే ఉప్పు మోతాదు మించుతుంది. మామూలు రోజుల్లో ఒక వంతు పెరుగుకు మూడు వంతుల నీళ్లు పోసి, అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ చాలు, ఉప్పు చిటికెడే. రాగి అంబలి కూడా మంచిదే. రెండు చెంచాల పిండి చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే రెండు గ్లాసుల నీళ్లలో పోసి అయిదారు నిమిషాలు తిప్పండి, చల్లారాక మజ్జిగ కలపండి. షుగర్ ఉంటే ఒక్క గ్లాసే.

కడప కోడలు:
షుగర్ లేదు. వడదెబ్బ తగిలిందని ఎట్లా తెలుస్తుంది?

అనంతపురం నర్సు:
ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా ఆలస్యం చేయొద్దు, 108కి ఫోన్ చేయండి. చెమట పోస్తోంది కదా అని ధీమాగా ఉండొద్దు. బండి వచ్చేలోపు నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి ఫ్యాన్ కింద పడుకోబెట్టండి. మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టి మారుస్తూ ఉండండి. పారాసిటమాల్ దీనికి పనిచేయదు. స్పృహ సరిగా లేకుంటే నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.