బకింగ్‌హామ్ కాలువ, ఏలూరు వ్యాపారం గురించి పాత రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. మాది ఏలూరు, చెన్నైలో ఉంటున్నాను. మైలాపూర్ దగ్గర ఎంఆర్‌టీఎస్ (నగరంలో తిరిగే రైలు) స్తంభాల కింద బకింగ్‌హామ్ కాలువలో నల్లగా నిలిచిపోయిన నీళ్ళు రోజూ చూస్తుంటాను, ఇదే కాలువలో ఒకప్పుడు మన కోస్తా నుంచి మద్రాసుకు ఉప్పు, కట్టెలు పడవల్లో వచ్చేవంటే మనసుకి కష్టంగా ఉంటుంది. గాలి లేనప్పుడు తాడు భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవ లాగేవాళ్ళట.

1806లో ఎన్నూరు వైపు మొదలై, 1877-78 కరువులో కూలిపనుల కింద నగరం లోపల కూవం నది నుంచి అడయారు నది దాకా తవ్వారు. ఉత్తరాన పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో, అక్కడి నుంచి కృష్ణా, గోదావరి కాలువలతో కలుస్తుంది. ఆ రెండు నదుల కాలువలూ కలిసేది మా ఏలూరులోనే. సముద్రం లేని ఊరికి అంత వ్యాపారం రావడానికి ఈ కలయికే ముఖ్య కారణమని నా నమ్మకం, ఆనకట్టల పుణ్యాన పండిన వరి కూడా ఉందనుకోండి.

నాకు కావలసింది ఇది. లాకుల (కాలువలో నీటిమట్టం మార్చి పడవల్ని దాటించే తలుపుల) దగ్గర పడవలకు వసూలు చేసిన సుంకం లెక్కలు, ఏ ఊరి నుంచి ఏ సరుకు వెళ్ళిందో చెప్పే కాగితాలు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో (పాత రికార్డులు దాచే చోట) ఎవరైనా చూశారా? పీడబ్ల్యూడీ (ప్రజాపనుల శాఖ) కింద అడగాలా, రెవెన్యూ కింద అడగాలా? 1899లో బెజవాడ-మద్రాసు రైలు వచ్చాక పడవల రాబడి ఎలా తగ్గిందో ముఖ్యంగా కావాలి. మీ ఇళ్ళల్లో పడవ సరంగులు ఎవరైనా ఉంటే వాళ్ళు చెప్పిన సంగతులు రాసినా చాలు, దయచేసి చెప్పండి.